కొక్కేల చదువు

"చార్జరు యాడ పెట్టినావే?" అని వాకిట్లో చెప్పులేసుకుంటా అడిగినాడు మా ఇంటాయన.

"నా నెత్తిన పెట్టుకోనుండా, వచ్చి సూసుకో" అన్నా నేను వంటింట్లోంచి. చేతులకి రాగిపిండి ఉండాది.

గేటు చప్పుడైంది. మా ఇద్దరికీ మాటలు ఆడికి సరి. మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు పోయినాడు. తన జతకి కాలేజీలో పనిచేసినాయన కొత్తిల్లు కట్టుకోని పాలు పొంగిస్తాండాడని పోయినాడు. పుంగనూరు బస్టాండులో దిగి నాలుగడుగులేసి, రొమ్ము పట్టుకోని సిమెంటు బల్ల మీద కూసున్నాడంట. నేను ఆసుపత్రికి పొయ్యేతలికి ఆయప్పకి మాట లేదు. నేను పిలిస్తే వినబడిందో లేదో కూడా తెలీదు.

చార్జరు ఆయప్ప సంచిలోనే ఉండింది. ఆసుపత్రోళ్ళు ఇచ్చిన సంచి ఇంటికి తెచ్చి గుమ్మరిస్తే తువ్వాల మడతలోంచి జారింది. భుజాన తగిలించుకోని నన్నడిగినాడు! బస్సు పాసు చేతిలో పట్టుకోని ఇల్లంతా ఎతికే మనిషి. కాపరం నలభై ఏండ్లు దాటినా ఆ గుణం పోలే. నేను నెత్తిన పెట్టుకోనుండా అనకుండా నీ సంచిలో సూడప్పా అనుంటే ఏమయ్యేదని మొదట్లో శానా కుమిలినా. ఇబ్బుడు లేదు. ఆయప్పకి నా నోరు తెలుసు.

ఇది నేను చెప్తాంటే రాస్తాండేది మా ఆడబిడ్డ, ఆయప్పకి ఒక్కతే చెల్లెలు. కుప్పంలో ఒక కాలేజీలో కంప్యూటర్ల గది సూసుకుంటాది. నేను కోడలిగా వచ్చినబ్బుడు దానికి పదేండ్లు. జడెయ్యమని నా ముందర వచ్చి కూసునేది. అబ్బుడు పాపా అని పిలిచినా, ఇబ్బుడు సగం తల నెరిసినా పాపే. రాయి పాపా, తల నెరిసిందని రాయి. తప్పించుకోవద్దు.

ఆ చార్జరు దేనిదో చెప్పాల కదా. పుంగనూరు కాలేజీలో మా ఆయన లైబ్రరీ అటెండరు. రిటైరయ్యే నాడు ఒక లెక్చరరమ్మ తను వాడిన పలక ఒకటి ఆయప్ప చేతిలో పెట్టింది. పుస్తకాలు చదివే మిషను. సినిమాలు రావు, ఫోను రాదు. నల్లక్షరాలు, బూడిద రంగు గాజు, అంతే. "నీ కండ్లు మసకబారినాయి కదప్పా, దీంట్లో అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దగా చేసుకోవచ్చు" అనిందంట. పేరేదో ఇంగ్లీషుది ఉండాది. నాకి మాత్రం పలకే. బడిలో పలక పట్టే వయసులో నేను తంబళ్లపల్లె దిక్కు గుట్టల్లో గొర్రెల ఎనకాల తిరగతా ఉన్నా. పట్టిన మొదటి పలక అదే.

మధ్యాన్నం తిన్నాక ఆయప్ప నాకి చదివి చెప్పేటోడు. నేను వక్కాకు నమలతా వినేదాన్ని. ఒగనాడు, "నువ్వు బొంగురు గొంతుతో చదివితే నాకి నిద్రొస్తాంది, నేర్పించు, నేనే చదువుకుంటా" అన్నా. ఎగతాళికి అన్నా. ఆయప్ప నిజమనుకున్నాడు. పుటకి నాలుగు మాటలే పట్టేంత పెద్దగా చేసి నా ఒళ్ళో పెట్టినాడు.

ఈడ అసలు సంగతి చెప్తాండా, జాగ్రత్తగా రాయి. ఆ పలకకి తెలుగు సరిగ్గా రాదు. యాదో పరాయి దేశంలో తయారైంది, దానికి ఒత్తు కింద ఎయ్యాలని ఎవురూ చెప్పలే. అక్షరం తల మీద ఒగ కొక్కెం తగిలించి, రెండో అక్షరాన్ని పక్కనే నిలబెడతాది. అమ్మ అని రాయాలంటే "అమ్‌మ" అని వస్తాది. చదువుకున్నోళ్ళకి అది కండ్లలో ఇసుక పడినట్ల ఉంటాదంట. నాకేం తెలుసు? కొక్కెం కనబడితే ఆగాల, పక్కదాన్ని తగిలించుకోని పోవాల. శానా సులువు.

"నిజానికి ఇది కింద ఉండాల" అన్నాడు ఆయప్ప.

"కింద యాల? నాకి పక్కనే కనబడతాండాది కదా."

"అది పలక తప్పు."

"నీ తావ తప్పు పలక పెట్టుకోని నాకి నేర్పిస్తాండావా?"

ఇంకో పుట తిప్పినాడు. అట్ల నేను కొక్కేల చదువు చదువుకున్నా. బస్టాండులో బోర్డులు సూస్తే నాకి మూడూర్లలో ఒగటే వచ్చేది. మదనపల్లెలో లె కింద ఏందో ముడుచుకోనుంటాది. కుప్పంలో కూడా అంతే. పుంగనూరు మాత్రం గడగడా చదివేదాన్ని. పుంగనూరుకి ఒత్తు లేదు కాబట్టి.

అంగడికి చీటీ రాసిస్తే అంగడాయన, "ఏందమ్మా ఇది, ఉప్పుకి కొమ్ములొచ్చినాయి?" అని పడీపడీ నవ్వినాడు. ఉప్‌పు, పప్‌పు, చెక్‌కెర. ఇంటికొచ్చి తిట్టినా మా ఆయన్ని. మర్నాటి నుంచి ఆయప్ప ఏం చేసినాడో తెలుసా? కాలేజీ నోటీసు బోర్డుకి రాసే చెయ్యి, గుండ్రంగా అచ్చేసినట్ల రాసే చెయ్యి. అట్లాంటోడు నాకోసం చీటీలన్నీ కొక్కేలతో రాయడం మొదలుపెట్టినాడు. "చట్‌నీ మూత కింద ఉండాది." "బ్‌యాంకుకి పోతాండా, అన్‌నం పెట్‌టుకోని తిను."

ఈ పాప ఒకసారి వచ్చి ఆ చీటీ సూసింది. "అన్నా! ఒత్తులు మరిచిపోయినావా? డాక్టరు దగ్గరికి పోదాం రా" అనింది.

"నీకు కాదులే రాసింది" అన్నాడు ఆయప్ప.

అవునా కాదా పాపా? సూడు, తల ఊపతాండాది. తల ఊపితే రాసినట్ల కాదు, రాయి.

చివర్లో మేము చదవతా ఉండింది ఒగ దొంగతనం పుస్తకం. పెద్దింట్లో కాసుల హారం పోతాది. ఇంటినిండా మనుషులు, అందరి మీదా అనుమానం. వంటాయన తీసినాడని మా ఆయన. చిన్నకోడలు తీసిందని నేను. ఓడినోళ్ళు నెల దినాలు పొద్దున కాఫీ పెట్టాలని పందెం. పుట ఆయప్ప చదివితే మల్ల అదే పుట నేను కూడబలుక్కోని చదవాల. అట్ల సగానికొచ్చినాము. పుంగనూరు పొయ్యే ముందర పొద్దున ఆయప్ప కాఫీ తాగతా రొంత చదివినాడు. పలక బిగదీసుకుపోయింది. నొక్కినా పుట తిరగలే. ఇది తగ్గిపొయ్యే రోగమే అని, పోతా పోతా ఇంట్లో చార్జింగు పెట్టి పోవాలని, చార్జరు అడిగినాడు. తర్వాతది చెప్పినా కదా.

దినాలన్నీ అయినాక అలమారలో పలక తీస్తే ఆ పుట అట్లే ఉండాది. చార్జింగు పెట్టినా అంతే, తీసినా అంతే. నెలలయినా అంతే. పాప వచ్చినబ్బుడు చెప్పింది: దాంట్లో సిరాపొడి మాదిరి ఉంటాదంట, కరెంటు ఆ పొడిని జరిపి అక్షరం చేస్తాదంట. ఒకసారి నిలబడితే కరెంటు లేకపోయినా జరగదంట. లోపల మిషను ఎబ్బుడో ఆగిపోయింది వదినా, ఇది నిలబడిపోయిన అక్షరం అనింది.

అంటే ఆయప్ప ఆఖరున సూసిన పుట. కండ్లెదురుగా ఉండాది. ఎంత ఖర్మ సూడు, ఆ పుట ఆఖరి మాట సగంలో తెగింది. "అప్‌" అని. కొక్కెం ఉండాది, పక్కన తగిలించుకోవడానికి ఏమీ లేదు. ఆ పక్కది తర్వాత పుటలో ఉండాది. పొద్దున లేచి అది సూసేదాన్ని. అప్ప అయ్యుంటాదా? ఎవురో అప్పా అని పిలస్తాండారేమో. అప్పు అయ్యుంటాదా? అప్పగించినాడా, అప్పడాలా? పెద్దింట్లో అప్పడాలు కాల్చరా ఏంది? ఎనిమిది నెలలు నేను ఆ ఒగ కొక్కెం పట్టుకోని ఏలాడినా.

పాప అనింది, "వదినా, పుస్తకం ఆన్‌లైన్లో దొరుకుతాదేమో ఎతికి నేను ఫోన్లో చదివి వినిపిస్తా."

"వద్దు. నీ నోట్లోంచి నాకొద్దు. నాది నేనే చదవాల."

"పలక చచ్చింది కదా. దీన్ని చేసిన కంపెనీ ఈ పాతదాన్ని పట్టించుకోవడం మానేసింది. లోపలుండే ఆపరేటింగ్ సిస్టం తీసేసి వేరేది ఎయ్యాల. ఓపెన్ సోర్స్ అని ఉండాది, ఊరికే ఇస్తారు."

"ఊరికే యాల ఇస్తారు?"

"అది అందరిదీ వదినా. ఎట్ల చేసినారో దాచరు. ఎవురైనా లోపల సూడొచ్చు, బాగలేకుంటే మార్చుకోవచ్చు."

"సంగటి ఎట్ల కెలకాలో చెప్పినట్లా?"

"అట్లే. కంపెనీ వాళ్ళది మూత తియ్యనీకుండా పెట్టే కుండ."

అది నాకి బాగా అర్థమైంది. కానీ కొత్తది ఎక్కిస్తే ఆ పుట పోతాది. ఫోటో తీసి పెడతా అనింది పాప. "ఫోటో నీ ఫోను సూసిన పుట, మీ అన్న సూసింది కాదు" అని పలక చీర కొంగులో కప్పుకున్నా. రెండు మూడు సార్లు ఇట్లే వచ్చింది, ఇట్లే పోయింది. ఒకసారి కోపమొచ్చి, "అన్న ఉండుంటే ఎనిమిది నెలలు ఒగటే పుట సూస్తాండే నిన్ను సూసి తిట్టుండేటోడు" అనింది.

"మీ అన్న నన్ను యాన్నాడు తిట్టినాడు?"

"తిట్టకనే కదా ఇట్ల తయారైనావు!"

ఇద్దరం నవ్వినాము. నవ్వినాక నాకి తెలిసింది, ఆ పుట చూసుకుంటా ఉంటే ఆయప్ప ఉండినట్లే ఉంటాది, కానీ ఆయప్ప నేర్పించిన చదువు పోతాంది. నాలుగు మాటలకంటే ఎక్కువ చదవక ఎనిమిది నెలలు. కొన్ని అక్షరాలు అబ్బుడే నన్ను సూసి ఎవురో తెలీనట్ల మొగం తిప్పుకుంటాండాయి. పుటా చదువూ రెండూ నా తావ ఉండవు. ఒగటే ఉంటాది.

ఒగ వారం తర్వాత పలకని ఆయప్ప తువ్వాల్లో చుట్టుకోని కుప్పం బస్సు పట్టినా. పుంగనూరులో బస్సు ఆగినబ్బుడు కిటికీలోంచి ఆ సిమెంటు బల్ల సూసినా. ఒగామె బిడ్డకి అరటిపండు తినిపిస్తా ఉండింది. పలమనేరులో బస్సు మారి, మధ్యాన్నానికి కుప్పం చేరినా.

పాప అన్నం తినే బల్ల మీద పాత చీర పరిచింది. పలకని బోర్లా పెట్టి, పాత ఏటీఎం కార్డు మూల సందులో దూర్చి మెల్లగా తిప్పతా వచ్చింది. టిక్, టిక్ అని వీపు ఊడింది. ఊడిన వీపుని పక్కకి తియ్యకుండా అట్లే పట్టుకోనుండాది. "ఏమ్మే, భయమా?" అన్నా. "మా అన్నది కదా" అనింది. అంతకు ముందు ఆ మాట నాకి తట్టలే సూడు. దినాల్లో అన్ని పనులూ తనే చేసింది, కంట నీళ్ళు పెట్టింది నేను సూళ్ళే. పలక నా మొగుడిది అనే అనుకున్నా, దాని అన్నది కూడా అనుకోలే.

లోపల చిటికెనవేలి గోరంత కార్డు ఉండాది. పాప ఎగిరి గంతేసినంత పని చేసింది. "వదినా, ఇది ఊడి వస్తాది! దీన్ని తుడిపెయ్యాల్సిన పని లేదు, వేరే కార్డులో కొత్తది ఎక్కించి పెడితే చాలు!" ఆ పాత కార్డు తన లాప్‌టాప్‌లో పెట్టి సూసింది. పుస్తకం ఉండాది. దాంతోపాటు ఇంకోటి ఉండాది. ఆయప్ప పుస్తకంలో యాడయాడ గుర్తు పెట్టినాడో అదంతా ఒక పట్టీ మాదిరి. పలకలో తెలుగు రాయడానికి లేదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు రాసినాడు. పాప చదవతా పోయింది.

"ఈడ నవ్వింది."

"ఈడ నిద్రపోయింది. రేపు ఈడ్నించి."

"ఈడ చిన్నకోడల్ని తిట్టింది."

"ఈడ నిద్రపోయింది."

"ఒగ పుట తనే చదివింది. తప్పు లేదు."

"ఈడ నిద్రపోయింది."

"ఎన్నిసార్లు నిద్రపోయినావు వదినా!" అని నవ్వతా, నవ్వతానే పాప బల్ల మీద తలవాల్చి ఏడ్చింది. నేను దాని జడ విప్పి మల్ల అల్లినా. అది తప్ప నాకేమీ తోచలే.

తర్వాత పని జరిగింది. కొత్త కార్డులోకి ఆ ఊరికే ఇచ్చేదాన్నీ, పాత కార్డులోని మా పుస్తకాన్నీ ఎక్కించింది. లాప్‌టాప్‌లో ఒగ గీత సాగతా ఉంటాది, అది ఆ కొసకి పోతే అయినట్లంట. మేము చిత్రాన్నం తినేతలికి ఆ కొసకి పోయింది. కార్డు పెట్టి, వీపు మూసి, చార్జరు తగిలించింది. పుట మాత్రం అట్లే ఉండాది. "ఇంక మీట నొక్కాల. నొక్కితే పుట పోతాది" అని పాప నా మొగం సూసింది.

"జరుగు. నేనే నొక్కతా."

నొక్కినా. గాజంతా ఒకసారి నల్లగా అయింది, తెల్లగా అయింది, మల్ల నల్లగా అయింది. "అప్‌" పోయింది.  ఇంగ్లీషు రాతలేవో వరసగా పారినాయి. శానాసేపటికి పుస్తకాల పట్టీ వచ్చింది. పాప మా పుస్తకం తెరిచి, మేమాగిన చోటు ఎతికి, అక్షరాలు పెద్దగా చేసి నా చేతికిచ్చింది. "సూడు వదినా, తెలుగు ఎంత చక్కగా ఉండాదో!"

సూసినా. ఒక్క ముక్క రాలే. కొక్కేలు లేవు. ప్రతి అక్షరం కిందా బల్లి తోకల మాదిరి ఏవేవో ఏలాడతాండాయి. ఈ వరసలో మొదటి మాట ఏంది, రెండో మాట ఏంది, ఏమీ తెలీదు. ఆయప్ప రెండేండ్లు నేర్పించింది ఒగ మీట నొక్కితే పోయింది.

"నా చదువు తీసేసినావు కదే!" అని అరిచినా.  పక్కింటి అరవామె తలుపు తీసి సూసింది.

పాప బిత్తరపోయింది. "చదువు తియ్యడమేంది? ఇబ్బుడే కదా సరిగ్గా వచ్చింది!"

"సరైంది నాకి రాదు! నాకి కొక్కేలే వచ్చు!"

దానికి అర్థం కావడానికి రొంతసేపు పట్టింది. అర్థమైనాక నవ్వలే. పలక తీసుకోని యాడాడో నొక్కింది. పెద్ద మిషన్లు సూసుకునే మనిషి, ఒత్తుల్ని చెడగొట్టడం ఎట్లని ఎతకతాండాది. "దీంట్లో అక్షరాలు కలిపే పనిని ఆపెయ్యడానికి ఒగటుండాది. ఎవురికి పనికొస్తాదో అనుకునేదాన్ని. మా వదినకి" అని గొణిగింది.

గాజు మల్ల నల్లనై తెల్లనైంది. అమ్‌మ. అన్‌నం. నా కొక్కేలు నాకొచ్చినాయి. వేలు పెట్టి వరస పట్టుకోని పోయినా. ఆడ, పుట మధ్యలో, ఇబ్బుడు తెగకుండా, పూర్తిగా ఉండాది: "అప్‌పుడు".

కూడబలుక్కుంటే అప్... పు... డు. "ఏంది పాపా ఇది, అప్పుడు?"

"అదే వదినా. అబ్బుడు."

అబ్బుడా! ఎనిమిది నెలలు. అప్పడాల దాకా పోయినా గాని ఈ మాట తట్టలే. నా నోట్లో ఎబ్బుడూ అబ్బుడే కదా, అప్పుడు యాడుండాది? పుట్టినబ్బటి నుంచి రోజుకి నూరుసార్లు అనే మాట. నేను నవ్వితే వక్కాకు రసం పలక మీద పడింది. తువ్వాల్తో తుడిచినా.

పాత కార్డు నా వక్కాకు సంచిలో సున్నం డబ్బీ జతకి ఇంకో డబ్బీలో ఉండాది. పుస్తకం మదనపల్లెకి తెచ్చుకోని నెలన్నర చదివినా. మధ్యాన్నం తిన్నాక కూసునేది, నిద్రొస్తే పడుకునేది. హారం వంటాయనా తియ్యలే, చిన్నకోడలూ తియ్యలే. ఆ ఇంటి ముసలామె తనే దాచిపెట్టి మరిచిపోయింది. ఇద్దరం ఓడినాము. ఆఖరి పుట అయినాక పలక పక్కన పెట్టి వంటింట్లోకి పోయినా. కాఫీ ఎవురు పెట్టాలో తెలీలే. నేనే పెట్టుకోని తాగినా.

ఇబ్బుడు అదే పుస్తకాన్ని రెండోసారి చదవతాండా. పాపకి ఫోను చేసి కొక్కేలు తీసేయించుకున్నా. ఆడ యాడ నొక్కాలో అది చెప్పింది, నేను నొక్కినా. ఏ మాట వస్తాదో నాకి ముందరే తెలుసు కదా, అందుకని కింద ఏలాడే దాన్ని సూసి, ఓహో నువ్వా, అని పేరు పెట్టి పలకరిస్తాండా. మ కింద మ. న కింద న. లె కింద ల పట్టినాక మదనపల్లె బోర్డు చదివినా. పోయిన వారం కుప్పం కూడా చదివినా, పాప ఇంటికి వస్తా వస్తా. శానా నిదానం. పుటకి ఒగ పూట పడతాది. ఆయప్ప ఉండుంటే "తప్పు లేదు" అని రాసుకునేటోడు, తప్పున్నా గూడ.

సరే పాపా, ఇంతే. నువ్వు టైపు చేసిందాన్ని నేను చదవాలంటే ఇంకా సగం ఒత్తులు నాకి రాలే, సంకురాత్రి దాకా కూసోవాల నువ్వు. నా మాటల్ని సక్కబెట్టినావేమో, తిట్లు యాడన్నా మింగినావేమో నేను వినాల. మొదట్నుంచి చదువు. గట్టిగా చదువు.